నలభై రెండు దగ్గర గీసిన గీత

లాకు మూతకు ఇంకా 14 రోజులు

గేదెలు పద్నాలుగు. పొద్దుటి పాలు నలభై ఒక్క లీటర్లు. కొమ్ము విరిగిన గేదె బిందె తన్నేసింది కాబట్టి అందులో మూడు లీటర్లు నేలపాలు. మేకలు ముప్పై, అన్నీ మేస్తున్నాయి. కప్పు మీద సౌర పలకలకి ఉప్పు పొర పట్టేస్తే తడిగుడ్డతో తుడిచాను. నడుం పడిపోయింది.

ఇది పశువుల కొట్టం పుస్తకం. ఇందులో మనుషుల గొడవలు రాయకూడదని పై ఆఫీసు వాళ్లు ఏటా చెబుతూనే ఉంటారు. రాయకపోతే ఎలా? రక్తసంబంధం చూసే యంత్రం ఉన్నది ఈ కొట్టంలోనే. ఏ దున్నకి ఏ దూడ పుట్టిందో తేల్చడానికి తెచ్చారు. అయిదేళ్ల నుంచి దానితోనే మనుషులకీ చూస్తున్నాం. చూసేదాన్ని నేనే, మేడిశెట్టి వకుళని.

ఇవాళ మా చెల్లెలు వేణి రక్తం పెట్టాను. అది ఉప్పుమడుల్లో పదకొండేళ్లు పనిచేసింది. మొగుడు పోయాక, రెండు నెలల కింద నా దగ్గరికి వచ్చేసింది. ఊపిరితిత్తుల నిండా ఉప్పు దుమ్ము. పది మెట్లెక్కితే కూర్చుండిపోతుంది.

ఏటి లాకు తలుపులు మూసేలోపు దాని పేరు పైమెట్ట మీద ఉండేవాళ్ల జాబితాలో ఎక్కాలి. మూశాక అయిదు నెలలు, తుఫాన్లు తగ్గేదాకా, ఎవరూ పైకి రాలేరు, ఎవరూ కిందికి పోలేరు. పైన నీళ్లు పంతొమ్మిది వందల మందికే సరిపోతాయి. సీటు లేనివాళ్లు ఆ అయిదు నెలలూ కింద ఏట్లో పంట్ల మీద, బల్లకట్టు పడవల్లో, తేలుతూ బతకాలి. తడి గోడలు, తడి పక్కబట్టలు. కండ ఉన్నవాళ్లే దగ్గుతూ దిగుతారు. వేణి ప్రాణాలతో దిగదని డాక్టరు నా మొహం మీదే చెప్పేశాడు.

పనివాళ్లకి పైన సీటుంది. వాళ్ల తల్లిదండ్రులకీ, పిల్లలకీ, ఒకే తల్లీ తండ్రీ ఉన్న తోబుట్టువులకీ ఉంది. తోబుట్టువులని యంత్రం చెప్పాలి. నలభై రెండు శాతం దాటితే సొంతం, దాటకపోతే కాదు.

యంత్రం ముప్పై ఎనిమిది పాయింట్ ఆరు అంది.

ఖర్మ! గొట్టాలు సరిగ్గా కడగలేదేమో. రేపు మళ్లీ పెడతాను.

లాకు మూతకు 13 రోజులు

పాలు నలభై నాలుగు లీటర్లు.

రెండుసార్లు పెట్టాను. 38.6. మళ్లీ 38.6. యంత్రం చెడిపోయిందేమోనని మొన్న ఈనిన మేకనీ దాని పిల్లనీ పెట్టి చూశాను. తల్లికీ బిడ్డకీ ఎప్పుడూ యాభై రావాలి, ఇటూ అటూ ఉండదు. యాభయ్యే వచ్చింది. యంత్రం నిక్షేపంలా ఉంది.

వేణికి చెప్పలేదు. మధ్యాహ్నం అది గుమ్మంలో కూర్చుని తవుడు కలుపుతుంటే కోతి వచ్చి దాని అరటిపండు ఎత్తుకుపోయింది. గడ్డి మోపులు దించుతున్న బుల్లబ్బాయి బాబాయి కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. బాబాయి రోజూ ఏటిగట్టు నుంచి గడ్డి కోసుకొస్తాడు. యాభై అయిదేళ్లుంటాయి, మాట తక్కువ మనిషి.

"పోనీ బాబాయ్, తిననీ," అంది వేణి నవ్వుతూ. "మనకీ దానికీ వందలో తొంభై ఎనిమిది పాళ్లు ఒకటేనంట. చుట్టమే కదా!"

"అది ఈ కోతి కాదే, చింపాంజీ. ఈ కోతికి ఇంకాస్త తక్కువ," అన్నాను.

"అయితే నాకూ నీకూ ఎంతక్కా? నిన్న రక్తం తీశావుగా?"

దూడకి నీళ్లు పెట్టాలని లేచి వచ్చేశాను. బాబాయి నా వైపు చూసి, కర్ర గోడకి ఆనించి వెళ్లిపోయాడు.

ఈ ప్రశ్న ఊళ్లో అందరూ అడుగుతారు. కోతికి తొంభై ఎనిమిదీ తమ్ముడికి యాభయ్యేనా అని. రెండూ వేరు వేరు కొలతలు. జన్యువుల్లో అక్షరం పక్కన అక్షరం పెట్టి పోలిస్తే దారిన పోయే దానయ్యకీ నాకూ వెయ్యిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఒకటే. తోబుట్టువుల లెక్క అది కాదు. అమ్మానాన్నల దగ్గర ఉన్న ముక్కల్లో, నాకొచ్చిన ముక్కే దానికీ ఎంత మేరకి వచ్చింది అని. వేణికి ఇదంతా చెప్పి ఉంటే సరిపోయేది.

లాకు మూతకు 11 రోజులు

వసతి అధికారి ఇందుమతి గారు వచ్చారు. ఆవిడ చెడ్డమనిషేం కాదు. చాలీచాలని అన్నం పదిమందికి వడ్డించే ఇల్లాలిలా, ఎవరి కంచం వైపూ ఎక్కువసేపు చూడరు.

"వకుళా, మీ చెల్లెలి కాగితం ఇంకా రాలేదేమ్మా?"

"రేపిస్తానండి. గొట్టాలు మారుస్తున్నాను."

"తొందరగా ఇవ్వు. అయిదు సీట్లే మిగిలాయి."

ఆవిడ మొహం చూస్తూ అబద్ధం చెప్పాను. ఈ యంత్రం ముందు కూర్చుని నేను చెప్పిన మొదటి అబద్ధం ఇదే.

ఆ నలభై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసేస్తాను, కడుపులో పెట్టుకుని ఏం చేసుకుంటాను. అయిదేళ్ల కింద సీట్ల కోసం ఊళ్లో ఉన్నట్టుండి అన్నదమ్ములు పుట్టుకొచ్చేశారు. ఎవరో పరాయివాణ్ణి పట్టుకొచ్చి తమ్ముడనేవాళ్లు కొందరు. పెదనాన్న కొడుకుని తమ్ముడని రాయించినవాళ్లు కొందరు. వాళ్లది అబద్ధం కూడా కాదు, మనం అలాగే పిలుస్తాం. సీట్ల నియమాలు పెట్టే ఊరి సభవాళ్లు నన్ను పిలిచి, శుక్రవారంలోగా ఒక అంకె చెప్పమన్నారు. ఎవరికీ అనుమానం లేని పంతొమ్మిది జతల తోబుట్టువుల్ని పెట్టి చూశాను. అందరికన్నా తక్కువ నలభై మూడున్నర. ఒకటిన్నర వదిలేసి, నలభై రెండు దగ్గర గీత గీయండి అన్నాను. వదిలినందుకు నాది చాలా ధర్మబుద్ధి అని కూడా అనుకున్నాను.

పంతొమ్మిది జతలు! పాడిలో పంతొమ్మిది గేదెల్ని చూసి గేదె జాతి మొత్తానికి ఇంతే పాలు అని రాసే బుద్ధిహీనురాలు ఎవరైనా ఉంటుందా? ఉంది, నేనే.

లాకు మూతకు 10 రోజులు

పాలు లెక్క చూడలేదు. వేణి పిండింది.

అయిదేళ్ల కాగితాలన్నీ నేల మీద పరిచాను. మొత్తం మూడువందల నలభై జతలు. అంకెల ప్రకారం వరసలు పేర్చుకుంటూ పోయాను. సున్నా నుంచి పద్నాలుగు దాకా ఇరవై ఒక్క జతలు. వీళ్లు పరాయివాళ్లు, పెదనాన్న పిల్లలు. పంతొమ్మిది నుంచి ముప్పై ఒకటి దాకా పదిహేడు. వీళ్లది సగం సంబంధం, అమ్మో నాన్నో ఒకరే కలిశారు. ముప్పై రెండు నుంచి ముప్పై అయిదు దాకా ఒక్క కాగితం లేదు. నేల కనిపిస్తోంది. అక్కడి నుంచి మళ్లీ మొదలై అరవై రెండు దాకా పెద్ద రాశి.

ఆ రాశి అంచులో, ముప్పై ఆరుకీ నలభై రెండుకీ మధ్య, ఆరు కాగితాలు. నేను కాదని తోసేసిన ఆరు జతలు. పరాయి రాశిలోవి కావవి, సగం రాశిలోవీ కావు. సొంత తోబుట్టువులే. వందమందిలో ఇద్దరికి అలా తక్కువ రావడం సహజం. గీత ముప్పై అయిదు దగ్గర పడాలి, ఎక్కడ నేల కనిపిస్తోందో అక్కడ. గుడ్డిదానికైనా తెలిసేది, ఒక్కసారి పరిచి చూసి ఉంటే.

ఆరింటిలో నాలుగోది బుల్లబ్బాయి బాబాయిది. బాబాయి, తమ్ముడు ధనరాజు. 40.7.

ధనరాజు పంటు మీదికి వెళ్లి మూడేళ్లయింది. మూడో నెలలో జ్వరం తగిలి అక్కడే పోయాడు. బాబాయి రేవు దాకా కూడా వెళ్లలేదు. "ఆడు మా నాన్న కొడుకు కాదంట, మిషను సెప్పింది," అని ఊరంతా వినేలా అన్నాడు. ఇంట్లో తల్లి ఫొటో తీసేశాడు. ఏటా పెట్టే తద్దినం మానేశాడు.

కాగితాలు దొంతర పెట్టి దాని మీద తవుడు బస్తా పెట్టేశాను.

లాకు మూతకు 8 రోజులు

కాగితాలు పట్టుకుని ఇందుమతి గారి దగ్గరికి వెళ్లాను. 38.6 కూడా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా అంతా విన్నారు.

"ఈ గీత తప్పని నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"మొన్నండి."

"మీ చెల్లెలి అంకె వచ్చాక."

"అవునండి."

"వకుళా, నేను నమ్ముతాను. సభలో ఎవరు నమ్ముతారు? చెల్లెలి కోసం గీత జరిపిందంటారు. నేను వాళ్లనీ తప్పు పట్టను. అంకెలతో సంబంధం లేని రుజువు ఏదైనా ఉంటే పట్రా."

ఆవిడ అన్నదాంట్లో ఒక్క మాట తీసెయ్యడానికి లేదు. అందుకే ఒళ్లు మండిపోయింది. తిరిగొచ్చి కుడితి తొట్టిని ఒక్క తన్ను తన్నాను. నా కాలే వాచింది.

లాకు మూతకు 7 రోజులు

వేణికి తెలిసిపోయింది. రేవులో ఎవరో అన్నారట, 'మీ అక్క నీ లెక్క తేల్చలేక పోతోందంట' అని. వచ్చి నా ముందు కూర్చుంది, ఆయాసం తీర్చుకుని అడిగింది.

"ఎంతొచ్చింది?"

చెప్పాను.

"అంటే నాన్న..."

"నోర్ముయ్. అది కాదు." అమ్మ వేసవిలో పాత చీరలతో బొంతలు కుట్టేది. అదే చెప్పాను. "అమ్మ దగ్గర రెండు చీరలున్నాయనుకో. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. ఒక్కో బిడ్డకి ఆ రెంటిలోంచి ముక్కలు కత్తిరించి ఒక చీర కుట్టిస్తుంది. నీకు కొంగు ఎరుపులోంచి రావచ్చు, నాకు కొంగు పచ్చలోంచి రావచ్చు. ఇద్దరికీ ఎక్కడెక్కడ ఒకే ముక్క వచ్చిందో కొలిస్తే సగటున సగం. కొందరికి అరవై. మనలాంటి నష్టజాతకులకి నలభై కన్నా తక్కువ. నాన్న వైపూ అంతే."

"ఇది నువ్వు నాకు చెప్పావు, నేను నమ్మాను. ఇందుమతి గారికేం చూపిస్తావు?"

అదే నిన్నటి నుంచీ నా బుర్ర తింటున్నది. చివరికి దూడల పాత లెక్కలు చూస్తుంటే తట్టింది. తండ్రి దగ్గర ఒక పెద్ద ముక్క ఒక్కటే ఉంటుంది, దానికి జత ఉండదు. కత్తిరించి కలపడానికి రెండోది లేదు కాబట్టి ప్రతి ఆడపిల్లకీ దాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చేస్తాడు. ఒకే తండ్రికి పుట్టిన ఆడపిల్లలందరిలో ఆ ముక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే. తల్లి ఒక్కతే, తండ్రులు వేరైతే అక్కడక్కడ మాత్రమే కలుస్తుంది, మధ్యలో తెగుతుంది. మగవాళ్లకీ ఆడవాళ్లకీ లెక్క కుదరదని మన యంత్రం శాతం కట్టేటప్పుడు ఆ ముక్కని పక్కన పెట్టేస్తుంది. కానీ విడిగా చూపించమంటే చూపిస్తుంది.

ఇంత తెలిశాక కూడా మీట నొక్కలేదు. భయం. నాన్న పంటు నడిపేవాడు, నెలల తరబడి ఏటి మీదే ఉండేవాడు. వేణి మా ఇంట్లో ఎవరి పోలికా కాదు. చిన్నప్పుడు చుట్టాలు నవ్వుతూ అనే మాటలు నాకు గుర్తున్నాయి. అమ్మ మొహం ఎలా అయ్యేదో కూడా గుర్తుంది. ఆ ముక్క మధ్యలో తెగితే నేనేం చెయ్యాలి? చెల్లెలికి సీటూ పోతుంది, అమ్మా పోతుంది.

వేణి నన్ను చూసి అంతా కనిపెట్టేసింది. "నాన్న కాకపోతే నాకు అక్కవి కాకుండా పోతావా?" అంది.

"పిచ్చిమాటలు మాట్లాడకు."

"మరైతే నొక్కు. నేను పక్కనే కూర్చుంటాను."

లాకు మూతకు 6 రోజులు

నొక్కాను. యంత్రం గంటన్నర తీసుకుంది. ఆ గంటన్నరా వేణి నా చెయ్యి వదల్లేదు, దగ్గుతున్నప్పుడు కూడా.

తెగలేదు! ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటే గీత, ఎక్కడా తెగలేదు. మూడుసార్లు చూశాను. ఊళ్లో వేర్వేరు తండ్రులున్నారని అందరికీ తెలిసిన ఇద్దరు అక్కచెల్లెళ్ల రక్తం అద్దిన పాత అట్టముక్కలు తీసి పక్కన పెట్టి చూశాను. వాళ్లది అయిదు చోట్ల తెగింది. మాది తెగలేదు.

వేణి ఏడ్చింది. నేను ఏడుస్తూ దాన్ని తిట్టాను. "అమ్మ మీద అనుమానపడ్డాను చూడు, నా నోట్లో మన్ను పొయ్య," అన్నాను. అది నవ్వుతూ ముక్కు చీదుకుని, "పొయ్యాల్సిందే," అంది.

పాలు నలభై ఆరు లీటర్లు. ఈ ఏడాదికి ఇదే ఎక్కువ.

లాకు మూతకు 5 రోజులు

ఇందుమతి గారు రుజువు చూశారు. ఒప్పుకున్నారు. కలం తీశారు. పేరు రాయబోయి ఆగారు.

"ఇది మీ ఇద్దరికే చేసిన రుజువు కదా. దీనితో మీ చెల్లెలి పేరు ఎక్కించేస్తాను. గీత మాత్రం ఈ ఏడాదికి అలాగే ఉండనివ్వు."

"మిగతా ఆరు జతలూ..."

"ఆరింటిలో ఒకడు పోయాడు. అయిదుగురు పంట్ల మీదున్నారు. గీత జరిగితే ఆ అయిదుగురి పాత అర్జీలు తిరిగి తెరవాలి. పాత అర్జీ ముందు, కొత్త అర్జీ తర్వాత. అది సభ పెట్టిన నియమం, నేను పెట్టింది కాదు. సీట్లు ఎన్నున్నాయో నీకు తెలుసు."

అయిదు. ఆరోది వేణి.

"వచ్చే ఏడు నేనే సభలో పెడతాను, మాటిస్తున్నాను," అన్నారు. "ముందు మీ చెల్లెల్ని బతికించుకో. ఎల్లుండి సాయంత్రం లోపు చెప్పు."

ఆవిడ నాకు మేలే చెయ్యాలనుకున్నారు. బుర్ర ఊపి వచ్చేశాను.

లాకు మూతకు 4 రోజులు

పొద్దున్నే బుల్లబ్బాయి బాబాయి గడ్డి దించి, బీడీ వెలిగించుకుని, ఎన్నడూ లేనిది తనంతట తనే పలకరించాడు.

"మీ సెల్లెలిది తేలిపోయిందంట కదమ్మా. మంచిదైంది. పిల్ల నవ్వుతుంటే ముచ్చటేత్తది."

"ఆఁ, తేలింది బాబాయ్."

"అదురుష్టవంతులు," అన్నాడు, బీడీ వైపు చూసుకుంటూ. "ఆడూ అలాగే నవ్వేవోడు ఎదవ."

అంతే. వెళ్లిపోయాడు. నేను డబ్బాలోంచి బాబాయివీ ధనరాజువీ పాత రక్తపు అట్టముక్కలు తీసి యంత్రంలో పెట్టాను. మగపిల్లలకి తండ్రి ఇచ్చే చిన్న ముక్క ఒకటుంటుంది, తల్లి ఇచ్చే గొలుసు ఒకటుంటుంది. రెండూ మార్పు లేకుండా దిగుతాయి. రెండూ కలిశాయి. సొంత అన్నదమ్ములు.

వేణికి మొత్తం చెప్పాను. ఇందుమతి గారి మాటా, అయిదు సీట్లూ, అయిదుగురూ. అది తవుడు వేళ్లతో నలిపింది.

"చెప్పకుండా ఉండగలవా అక్కా?"

"ఉంటాను. నీ కోసం ఎలాగైనా ఉంటాను."

"రోజూ గడ్డి తెస్తాడు ఆయన. రోజూ ఉండాలి."

"ఉంటానంటుంటే!" అని అరిచాను. గేదెలు బెదిరాయి. నిజానికి ఉండలేనని అప్పటికే నాకు తెలుసు. ఆ అయిదుగురిలో ఒక ఆడమనిషి పోయిన ఏడాది పంటు మీద బిడ్డని కని, ఆ బిడ్డని పోగొట్టుకుంది. నేను గీసిన గీతకి.

లాకు మూతకు 3 రోజులు

నియమాల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాను. అయిదేళ్లలో చదవలేదు, అవసరం పడలేదు. పద్దెనిమిదో నియమం: పనివాళ్లు తమ సీటుని ఒక కాలానికి సొంత తోబుట్టువుకి ఇచ్చుకోవచ్చు, వాళ్ల పని ఆ తోబుట్టువు చెయ్యగలిగితే.

ఇందుమతి గారి ముందు ఆరు కాగితాలూ, కొత్త రుజువులూ, నా సీటు చీటీ పెట్టాను. "గీత జరపండి. అయిదుగుర్నీ పైకి పిలవండి. నా సీటు వేణికి. పంటు మీదికి నేను వెళ్తాను."

ఆవిడ కళ్లజోడు తీసేశారు. "కొట్టం ఎవరు చూస్తారు?"

"వేణి పాలు పిండుతుంది. మేత, పేడ, బరువు మొయ్యడం దాని వల్ల కాదు. దానికి సాయం కావాలి."

"ఎవరు చేస్తారు?"

నా దగ్గర ఒక్క పేరే ఉంది. ఆ పేరు చెప్పే ముందు ఆయనకి నేనేం చేశానో చెప్పాలి. వేణి ఇంకా ఒప్పుకోలేదు. 'నిన్ను ముంచి నేను పైన కూర్చోనా' అని పొద్దుటి నుంచీ అన్నం తినలేదు. నాకు దగ్గు లేదే, అయిదు నెలలు తడిసి వస్తాను, నువ్వైతే రావు అన్నాను. చివరికి సాయంత్రం రెండు ముద్దలు తింది.

లాకు మూతకు 2 రోజులు

బాబాయిని కూర్చోబెట్టి చెప్పాను. గీత ఎలా గీశానో, ఎన్ని జతలు చూసి గీశానో, అంకె తక్కువైనంత మాత్రాన సొంతం కాకుండా పోదనీ. ధనరాజు ఆయన సొంత తమ్ముడనీ. ఒకే అమ్మ, ఒకే నాన్న అనీ. చీరల ముక్కల సంగతి కూడా చెప్పాను.

అంతా విన్నాక ఆయన లేచి, గడ్డి కోసే కొడవలి చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క క్షణం నాకు నిజంగానే భయమేసింది. దాన్ని నడుముకి దోపుకున్నాడు.

"ఆడు ఎల్లేటప్పుడు మా గుమ్మంలోకొచ్చి పిలిచాడమ్మా," అన్నాడు. "అన్నయ్యా అని మూడు సార్లు పిలిచాడు. నేను తలుపు తియ్యలేదు."

"బాబాయ్..."

"నువ్వు నాతో మాట్లాడకు."

ఇవాళ గడ్డి తేలేదు. ఉన్న ఎండుగడ్డి సర్దాను. వేణి సాయం గురించి ఆయన్ని అడగలేదు. ఏ మొహంతో అడగను?

లాకు మూత రోజు

పొద్దుటి పాలు నలభై రెండు లీటర్లు, వేణి పిండింది. ఒక్క చుక్క కింద పడలేదు.

సాయం చేసేవాళ్ల పేరు ఇంకా ఖాళీగా ఉన్నా, ఇందుమతి గారు సభ చేత గీత జరిపించారు, పంట్ల మీది అయిదుగురూ నిన్నే పైకి వచ్చేశారు. బిడ్డని పోగొట్టుకున్న ఆవిడ నన్ను చూసి ఆగింది. నేను నమస్కారం పెట్టాను. ఆవిడ తిరిగి పెట్టలేదు, తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కిపోయింది.

మూట కట్టుకున్నాను. ఎనిమిదింటికి బుల్లబ్బాయి బాబాయి వచ్చాడు, రెండు మోపులు ఎత్తుకుని. నిన్నా మొన్నా తేనిదీ, ఇవాళ్టిదీ. దించి, తొట్టి కడిగి, పేడ ఎత్తాడు. నా వైపు చూడకుండా వేణితో అన్నాడు, "మోతలన్నీ నేను సూసుకుంటాను. నువ్వు పాలు పితుక్కో సాలు. నువ్వేం సేసావు, పశువులేం సేసాయి."

తర్వాత నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. "ఆ పుస్తకం సభలో సదువుతారా?"

"చదువుతారు బాబాయ్. నెలకోసారి."

"అందులో మా అమ్మ సంగతి రాయి. నేను ఊరందర్లో అన్నాను. ఊరందర్లో ఇనాల. ఇప్పుడు రాయి, నేను సూత్తుండగా. క్షమించమని మాత్రం నన్నడక్కు, నావల్ల కాదు."

అడగలేదు. రాశాను.

'పితాని బుల్లబ్బాయి, పితాని ధనరాజు ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన సొంత అన్నదమ్ములు. వాళ్ల తల్లి పేరు సూరాయమ్మ. ఆమె మీద పడిన మాట అబద్ధం. ఆ మాట పుట్టింది నేను గీసిన తప్పు గీత వల్ల. ధనరాజు పైకి రావలసిన మనిషి. రానివ్వనిది నేను. మేడిశెట్టి వకుళ.'

బాబాయికి చదవడం రాదు. పైకి చదివి వినిపించాను. తల్లి పేరు దగ్గర కళ్లు మూసుకున్నాడు.

రేవులో గంట కొడుతున్నారు. వేణి నా మూట ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. కలం దానికిచ్చి వెళ్లాలి.

"ఇంకోసారి సదువు," అన్నాడు బాబాయి.

చదువుతున్నాను.